నాయనమ్మ పెట్టిన లెక్క బొట్టు

మా బీరువా కింది అరలో పట్టుచీరల అడుగున ఒక అట్ట ఫైలు ఉంటుంది, పసుపు తాడుతో కట్టి. పెళ్లయిన కొత్తలో మా ఆయన అదేదో ప్లాటు కాగితాలనుకుని చాలా ఆశగా విప్పారు. లోపల ఒక తెల్ల షీటు, దాని మీద టీ రంగుకు తిరిగిన ఎండు మొక్క, కింద మూలన నా పాత గుండ్రటి చేతిరాత. ఇంతేనా అన్నట్టు నా వైపు చూశారు. షీటు తిప్పి చూడండి అన్నాను. వెనక ఒకచోట పెన్సిలుతో, ఒకచోట నీలం పెన్నుతో ఏవో సంవత్సరాలు, వాటి పక్కన చిన్న చిన్న అంకెలు. చీటీల లెక్కా అన్నారు. కాదండీ, మొక్కల లెక్క. వానలు మొదలైనప్పటి నుంచీ ఆ సంగతి రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నాను, ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయి ఇంకే పనీ చేయబుద్ధి కాక ఫోను పట్టుకుని కూర్చున్నాను.

మేం హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ వంతెనకు ఇవతల ఒక గల్లీలో ఉండేవాళ్లం. ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు మూసీ గురించి చెప్పనక్కర్లేదు, పెరగనివాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. ఎండాకాలం సాయంత్రం గాలి అటు నుంచి తిరిగిందంటే నాయనమ్మ మాట్లాడకుండా లేచి కిటికీ రెక్కలు వేసేసేది, చుట్టాలుంటే ఓ ఊదుబత్తి కూడా ముట్టించేది. బస్సు వంతెన ఎక్కగానే అందరి చేతులూ కొంగుల మీదకో జేబురుమాళ్ల మీదకో పోయేవి, వంతెన దిగగానే దిగిపోయేవి, దానికోసం ఎవరూ కబుర్లు కూడా ఆపేవాళ్లు కాదు, అంత అలవాటు. మళ్లీ అదే ఇంట్లో, ఎవరైనా ఊరు వదిలి బొంబాయికో దుబాయికో పోతానంటే మా నాన్న, గండిపేట నీళ్లు తాగినోడు ఎక్కడికి పోతాడు, తిరిగి ఇక్కడికే వస్తాడు అని నవ్వేవారు. గండిపేట నీళ్లంటే మూసీ నీళ్లేనని, మా నల్లాలో వచ్చేదీ మా కిటికీ మూయించేదీ ఒకటే నది అని నాకు పద్దెనిమిదేళ్లు దాటేదాకా తట్టలేదు. స్కూల్లో చదివాను, ఉస్మాన్‌సాగర్, అంటే మా గండిపేట చెరువే, 1920లో మూసీ మీద కట్టారని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చదవడం వేరు, తట్టడం వేరు.

1991లో నేను డిగ్రీ బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో సంవత్సరం. మా బాటనీ మేడమ్ పేరు ఇక్కడ రాయను, ఆవిడకు ఇలాంటివి నచ్చవు. సన్నగా ఉండేవారు, ఎప్పుడూ నూలు చీరే, భుజాన ఒక కాన్వాసు సంచీ. దారిలో ఎదురై నమస్తే మేడమ్ అంటే, మన వెనక ఉన్న చెట్టు పేరేంటో అడిగి, చెప్పాకే నమస్తే అనేవారు. ఆ ఆగస్టులో ఫీల్డ్ ట్రిప్ అనంతగిరికి అనగానే క్లాసులో సగం మంది అరకు పక్కన ఉన్న అనంతగిరి అనుకుని ఎగిరి గంతేశారు. అది కాదమ్మా, మన వికారాబాద్ పక్కది, పొద్దున పోయి సాయంత్రానికి వస్తాం అనేసరికి గాలి తీసేసినట్టయింది. ఇంట్లో రాత్రి ఉండే పని లేదు కాబట్టి మా నాన్న మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

నాంపల్లిలో ప్యాసింజర్ ఎక్కాం. ఇరవై ఆరు మంది ఆడపిల్లలం, మేడమ్, ఒక ల్యాబ్ అటెండరు. ఆయన చేతిలో పాత పేపర్ల కట్ట, మొక్కల్ని నొక్కి ఆరబెట్టడానికి తోలు పట్టీలతో బిగించే చెక్క ప్రెస్సు. ఇళ్ల నుంచి తెచ్చుకున్న పులిహోర లింగంపల్లి దాటకముందే అయిపోయింది. లింగంపల్లి అంటే అప్పట్లో ఊరి అవతల, అక్కడి నుంచి అటూ ఇటూ రాళ్ల గుట్టలు, జొన్న చేలు. ఇప్పుడు అదే దారిలో వెళ్తే కిటికీలోంచి ఏం కనిపిస్తుందో మీకూ తెలుసు.

వికారాబాద్‌లో దిగి బస్సెక్కి కొండ మీదకు చేరేసరికి సన్న తుంపర. ఆ అడవి నల్లమలలా భయపెట్టే అడవి కాదు. నల్లమద్ది, తునికి, మోదుగ, రేల, అక్కడక్కడా కొండగోగు, కింద మోకాలెత్తు పచ్చదనం. అక్కడ ఒక పాత టీబీ శానిటోరియం ఉంది. ఇన్ని మందు చెట్ల మీద నుంచి వచ్చే గాలి ఊపిరితిత్తులకు మంచిదని ఆ చుట్టుపక్కల వాళ్లంతా చెప్తారు. మేడమ్ ఆ మాటకు తల ఊపలేదు, కాదనలేదు, గాలి ఎక్కడైనా మంచిదే, ముందు మీరు కాళ్ల కింద చూసి నడవండి అన్నారు.

ఆ రోజు చూపించినవన్నీ గుర్తులేవు గానీ కొన్ని చచ్చేదాకా మర్చిపోను. ఒక సన్న తీగ వేరు గోటితో గీకి వాసన చూడమన్నారు, సుగంధిపాల, ఎండాకాలం షర్బత్ వాసన తడి మట్టిలోంచి వచ్చింది. ఇంకో తీగ ఆకులు తలా ఒకటి ఇచ్చి నమలండి, మింగొద్దు అన్నారు. కొంచెం చేదు, అంతే. తర్వాత సంచీలోంచి పొట్లం తీసి అందరి చేతుల్లో చిటికెడు చక్కెర వేశారు. నోట్లో వేసుకుంటే ఇసుక! తీపి అనేదే లేదు, పళ్ల కింద గరగరలాడే ఇసుక. ఇరవై ఆరు మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కేకలు. అది పొడపత్రి, మధునాశిని అని కూడా అంటారు, నాలుక మీద తీపి తెలిసే చోటును కాసేపు మూసేస్తుంది. అరగంట దాకా నాకు ఏదీ తియ్యగా తగల్లేదు, దోస్తు ఇచ్చిన చాక్లెట్ కొవ్వొత్తి తిన్నట్టుంది.

మేడమ్‌కు ఒకటే రూలు. చుట్టూ పది మొక్కలు కనిపిస్తేనే ఒకటి తెంపాలి. పది లేకపోతే బొమ్మ గీసుకుని రావాలి, ఆకు కూడా ముట్టొద్దు. పొద్దున్నుంచి ఇదే మాట వందసార్లు చెప్పి ఉంటారు.

మధ్యాహ్నం పద్మనాభస్వామి గుడి వైపు దిగాం. కోనేరు దాటి కొంత దూరం రాళ్ల మధ్య నడిచాక ఒకచోట ఆగి, అదిగో మూసీ అన్నారు. ఎక్కడా అని వెతికాం. రెండు బండల సందులోంచి, జానెడు వెడల్పున, చప్పుడు కూడా సరిగ్గా లేకుండా నీళ్లు జారుతున్నాయి. మా కాలనీ పిల్ల ఒకతి అలవాటుగా ముక్కు మూసుకుంది, అందరం పడీ పడీ నవ్వాం. మేడమ్ నవ్వలేదు. వంగి దోసిట్లో పట్టుకుని తాగారు. ఇక్కడ మొదలై 240 కిలోమీటర్లు పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, మధ్యలో మన దగ్గరికి వస్తుంది, మనం దానికి ఏం చేస్తామో మీకు తెలుసు అన్నారు, అంతకంటే ఉపన్యాసం ఇవ్వలేదు. ముచుకుందుడు ఇక్కడి గుహలోనే నిద్రపోయాడని, కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్లే ఈ నది అయిందని, అందుకే ముచుకుంద నది అంటారని పక్కనే ఉన్న పూజారిగారు చెప్పారు. నాకు మాత్రం మా కిటికీ గుర్తొచ్చింది. దోసిట్లో పట్టి తాగాను. చల్లగా, ఆకుల వాసనతో ఉన్నాయి. నాలుక మీద పొడపత్రి ఇంకా ఉందేమో, నీళ్లు తియ్యగా మాత్రం లేవు.

అందరూ అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు నేను ఇంకొంచెం కిందకు దిగాను. కచ్చితంగా ఎటు వైపో చెప్పను, ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది. అక్కడ ఒక పొద మీద నుంచి మంట వేలాడుతోంది. నిజంగా మంటలాగే ఉంది, ఆరు రేకులు వెనక్కి పైకి తిరిగి, అంచులు అలలు అలలుగా, కింద పసుపు, కొసన ఎరుపు. పక్కన ఇంకా విచ్చని పువ్వు ఆకుపచ్చగా, ఇంకోటి పూర్తిగా ఎర్రగా. ఆకు చివర సన్నగా సాగి సన్న తీగలాగా మెలితిరిగి పక్క కొమ్మను పట్టుకుంది, చెయ్యి చాచి పట్టుకున్నట్టు. నాభి. అగ్నిశిఖ అని పుస్తకంలో చదివాను. అంత అందమైనది నా షీటు మీద ఉంటే ఫస్టు నాకే వస్తుందన్న ఒక్క ఆలోచన తప్ప ఇంకేదీ బుర్రలో లేదు. హెర్బేరియం షీటు అంటే ఎండబెట్టిన మొక్క వేరుతో సహా ఉండాలి కదా, టిఫిన్ డబ్బా స్పూనుతో మట్టి తవ్వాను, తడి మట్టి, తేలిగ్గా వచ్చింది. కింద గడ్డ, రెండు కొమ్ములుగా వంగి, అచ్చం చిన్న నాగలిలా. సంస్కృతంలో దీన్ని లాంగలి అనడం ఎందుకో అప్పుడు తెలిసింది. పేపర్లో చుట్టి సంచీ అడుగున దాచాను. దాచాను అంటే తప్పని తెలుసనే కదా.

ఇంట్లో ప్రెస్సు లేదు. పాత పేపర్ల మధ్య పెట్టి, మీద పరుపు, పరుపు మీద నాయనమ్మ సన్నికల్లు. రోజూ పేపర్లు మార్చేదాన్ని. మార్చినప్పుడల్లా రంగు ఒక మెట్టు దిగేది, ఎరుపు ఇటుక రంగయింది, ఇటుక రంగు గోధుమ రంగయింది. వారానికి మంట ఆరిపోయింది. షీటు మీద దారంతో కుట్టి, కింద పేరు, కుటుంబం లిలియేసీ, స్థలం, తేదీ, సేకరించినవారు అని నా పేరు రాశాను. ఇప్పుడైతే దీన్ని కాల్చికేసీలో చేర్చారు, నా షీటు మీద మాత్రం ఇంకా లిలియేసీయే ఉంది, దిద్దలేదు.

సబ్మిట్ చేసిన రోజు మేడమ్ ఒక్కో షీటూ తిప్పుతూ టక టక మార్కులు వేస్తూ పోయి దీని దగ్గర ఆగారు.

"గడ్డతో తీశావా?"

"అవును మేడమ్, కంప్లీట్ స్పెసిమెన్ కావాలని..."

"చుట్టూ ఎన్నున్నాయి?"

"చూడలేదు మేడమ్."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. పెన్ను మూత పెట్టి, పెన్సిలు తీసి, మార్కు ఉండాల్సిన చోట చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. నాభికి గడ్డే ప్రాణం, పైన తీగంతా చలికాలానికి ఎండిపోతుంది, వానలకు మళ్లీ ఆ గడ్డే మొలుస్తుంది, గడ్డ తీశావంటే వచ్చే ఏడాది అక్కడ ఏమీ రాదు అన్నారు. ఒకప్పుడు కంచెల మీద ఊరికే పాకిన తీగ, మందుల కోసం గడ్డలు తవ్వీ తవ్వీ అడవుల్లో కనిపించకుండా పోతోందట. "వచ్చే వానాకాలం వెళ్లి లెక్కపెట్టుకుని రా. అప్పుడు మార్కు వేస్తా." వచ్చే వానాకాలానికి రెండో సంవత్సరం మార్కులు యూనివర్సిటీకి ఎప్పుడో వెళ్లిపోతాయి. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

అయినా వెళ్లాను. 1992 ఆగస్టు. అడవికి పోయి మొక్కలు లెక్కపెట్టాలంటే మా నాన్న ఒప్పుకుంటారా? ఆడపిల్ల, ఒక్కతే, ప్యాసింజర్ బండి, అడవి, అన్నీ కలిపి ఒకేసారి వద్దన్నారు. అప్పుడు నాయనమ్మ వంటింట్లోంచే, "నాకు అనంతగిరి పద్మనాభస్వామి మొక్కున్నది, పిల్లను తోడు తీస్కపోత" అంది. మా ఇంట్లో ఎవరికీ ఆ మొక్కు గురించి అప్పటిదాకా తెలీదు. నా మొక్క కోసం ఆవిడ మొక్కు అప్పటికప్పుడు పుట్టింది.

దర్శనం అయ్యాక కొబ్బరి చిప్ప, కుంకుమ పొట్లం కొంగున కట్టుకుని నా వెనకే దిగింది, డెబ్బై ఏళ్ల మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని. తీగను చూడగానే నిలబడిపోయింది. "గిదా నువ్వు పీకింది? గిది నాభి గదనే. చిన్నప్పుడు మా ఊర్ల కంచెలకు పాకేది. విషం. గొడ్లు మూతి సుత పెట్టయి." గొడ్లకున్న తెలివి నాకు లేదని చెప్పడం అది. నేను లెక్క మొదలుపెట్టాను. పొదల్లో ఒకదానికొకటి అల్లుకుని ఉండేసరికి లెక్క తప్పుతోంది, ఒకదాన్నే రెండుసార్లు ఎంచుతున్నాను. నాయనమ్మ విసుక్కుని పొట్లం విప్పి, నేను ఎంచిన ప్రతి మొక్క పక్కన రాయి ఉంటే రాయికి, చెట్టుంటే చెట్టుకు ఒక బొట్టు పెడుతూ వచ్చింది. బట్టల మూటలకు గుర్తు పెట్టినంత మామూలుగా. రెండు మూడు నాభిలు ఒక పెద్ద బండను చుట్టుకుని ఉంటే దానికి మాత్రం పెద్ద బొట్టు. మొత్తం 11.

తిరుగు రైల్లో ఆవిడ నది గురించి మాట్లాడింది, నేను అడగకుండానే. 1908 సెప్టెంబరు 28 వరద గురించి వాళ్ల అత్తగారు చెప్పినవి. ఆ రోజు ఊళ్లో 15 వేల మంది దాకా పోయారంటారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నాయనమ్మ ఎప్పుడు అఫ్జల్‌గంజ్ పోయినా ఆ చెట్టు వైపు తిరిగి ఓ దండం పెట్టేది. నదిని చూసి ముక్కు మూసుకునే మనిషి, నది ఒడ్డు చెట్టుకు చేతులెత్తేది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టడం. అంటే మా నల్లా నీళ్లు కూడా ఆ వరదలోంచే వచ్చాయన్నమాట. మా అత్త వానాకాలం బిందె లోపల చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేది, తెల్లారేసరికి మన్నంత కిందికి దిగేది అని కూడా చెప్పింది, చెప్పి కాసేపాగి, "ఇప్పుడు ఈ నదికి ఎన్ని గింజలు రాస్తవే" అంది.

మేడమ్‌కు వెళ్లి 11 అని చెప్పాను. పదికి పైనే ఉన్నాయి కదా మేడమ్, మీ రూలు ప్రకారం నేను చేసింది తప్పు కాదు అని వాదించాను కూడా, అప్పుడు అంత పొగరు ఉండేది. "పదకొండంటే నువ్వు తీయకముందు పన్నెండు. అయినా గడ్డ ముందు తీశావు, లెక్క తర్వాత పెట్టావు" అన్నారు. అని, షీటు తీసుకుని ప్రశ్నార్థకం చెరిపేసి, వెనక్కి తిప్పి, 1992, పక్కన 11 అని పెన్సిలుతో రాసిచ్చారు. మార్కు వేయలేదు. ఇవాళ్టికీ నాకు ఆ మార్కు బాకీ ఉన్నారు.

మూడో సంవత్సరంలో ఉల్లిపాయ వేర్ల కొసలు నలిపి క్రోమోజోములు చూసే ప్రాక్టికల్స్‌లో కాల్చిసిన్ వచ్చింది. కణం రెండుగా చీలే పనిని మధ్యలో ఆపేస్తుంది, క్రోమోజోములు రెట్టింపై ఆగిపోతాయి. గౌటు అనే కీళ్ల నొప్పికి మందు కూడా అదే. అది నాభి గింజల్లో, గడ్డల్లో ఉంటుందని మేడమ్ బోర్డు మీద రాస్తూ నా వైపు ఒక్కసారి చూశారు. తమిళనాడులో గింజల కోసం దీన్ని పొలాల్లో సాగు చేస్తారు, వాళ్ల రాష్ట్ర పుష్పం కూడా అదే. మన దగ్గర అడవిలో ఎవరికి దొరికితే వాళ్లది.

1993లో 9. ఆ ఏడు వెళ్లినప్పుడు ఒక తమాషా. బొట్లన్నీ వానకు కొట్టుకుపోయాయి గానీ ఆ పెద్ద బండకు మాత్రం ఎవరో పసుపు రాసి రెండు బంతిపూలు పెట్టి ఉన్నారు. నాయనమ్మ కిసుక్కున నవ్వి, చెంపలు వేసుకుని, తన వంతు ఇంకో బొట్టు పెట్టింది. "నాయనమ్మా, అది లెక్క బొట్టే!" అన్నాను. "ఊకోవే, దేవుడికి తెల్వదా" అంది. 1994లో 13, అదే ఇప్పటిదాకా ఎక్కువ. ఆ మరుసటేడు చలికాలంలో నాయనమ్మ పోయింది. 1996లో నా పెళ్లి, కాపురం కూకట్‌పల్లి, పిల్లలు, మొక్కలంటే బాల్కనీలో తులసి, మనీప్లాంటు. షీటు వెనక పెద్ద ఖాళీ.

ఆ తర్వాత నది చుట్టూ ఎన్నో జరిగాయి. నా పెళ్లయిన ఏడే 111 జీవో వచ్చింది, రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు వద్దని. పొలాలున్న వాళ్లు తిట్టుకున్నారు, తాగేవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు తీసేశారు. 2024 అక్టోబరులో వికారాబాద్ దగ్గరే దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాల్లో నౌకాదళం రేడియో కేంద్రానికి శంకుస్థాపన. దేశానికి అవసరమే అయి ఉండొచ్చు, నాకు ఆ లెక్కలు తెలీవు, నాకు తెలిసిన లెక్క ఒక్కటే, అక్కడ చుట్టూ పది ఉన్నాయో లేదో ముందు ఎంచారా అని.

2009లో ఒకసారి కుటుంబంతో కారులో వెళ్లాం. పిల్లలకు ఆకలి, మా ఆయనకు ఎండ, పదిహేను నిమిషాల్లో రమ్మన్నారు. పరిగెత్తుకుంటూ దిగి ఎంచితే 5. అందులో నాలుగు ఆ బండ చుట్టూనే. బండకు ఎవరో కాషాయం పూసి కళ్లు పెట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, పైనుంచి హారన్ మోగుతుంటే వచ్చేశాను.

2024 ఆగస్టులో ఒక్కదాన్నే వెళ్లాను, ఈసారి ఆపేవాళ్లు లేరు, తోడొచ్చేవాళ్లూ లేరు. ఆదివారం వెళ్లడం నా తప్పు. కొండ కింద నుంచే కార్ల వరస, బిర్యానీ డబ్బాలు, స్పీకర్లు, రాళ్ల మీద రీళ్లు తీసుకునే పిల్లలు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు, స్పూనుతో గడ్డ తవ్విన దాన్ని నేను. కానీ చిప్స్ ప్యాకెట్లు ఆ జానెడు నీళ్లలో ఇరుక్కుని నది అప్పుడే, పుట్టిన చోటే, దారి వెతుక్కుంటుంటే చూడలేకపోయాను. మూడు ప్యాకెట్లు తీసి బ్యాగులో పెట్టుకున్నాను, ఇంకా ముప్పై ఉన్నాయి.

కిందకు దిగితే పైన ఉండాల్సిన నాభిలు ఒక్కటీ లేవు, ఆ జాగా అంతా కాలిబాట అయిపోయింది, నేల సిమెంటులా గట్టిపడింది. ఇంక అయిపోయిందనుకుంటూ బండ వైపు మళ్లాను. దూరం నుంచే ఎర్రగా కనిపించింది. బండకు కొత్త ఎర్ర గుడ్డ, గాజులు, చుట్టూ అలికిన నేల, అలికిన నేలకు అవతల, ఎవరూ తొక్కని చోట, పొదల మీద ఆ మంటలు. మేకలు కాసే ఒక పెద్దావిడ అక్కడే కూర్చుని ఉంది. నన్ను చూసి, "చెప్పులు ఆడ్నే ఇడ్సు బిడ్డా. ఆ తీగెలు ముట్టకు, అమ్మోరివి. తెంపినోళ్లకు మంచి గాదు" అంది.

ఎప్పటి నుంచి ఉన్నదమ్మా ఇక్కడ అమ్మవారు అని అడిగాను.

"మా అత్త కాలం నుంచి ఉన్నది. ఎవరో ముసలామె కలలకొచ్చి చెప్పిందట."

నేనేం మాట్లాడలేదు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని బండ చుట్టూ తిరిగాను, ఒక్కోదాన్నీ ఎంచుతూ. ఆవిడ నేను ప్రదక్షిణ చేస్తున్నాననుకుంది. లెక్క తప్పి రెండోసారి తిరిగాను, మళ్లీ అనుమానం వచ్చి మూడోసారి కూడా. ఆవిడ తన పొట్లంలోంచి కుంకుమ తీసి నా నుదుట పెట్టింది.

ఇంటికొచ్చాక షీటు తిప్పి చూస్తే కింద జాగా లేదు. మూలన అడ్డంగా రాశాను, 2024, పక్కన 7.